టెక్ సందేహాలు: క్రాస్ఓవర్ యాంప్‌కి ముందా, వెనకా?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో ఉంటాను. ఐటీ ఉద్యోగం, తీరిక దొరికితే డీజేయింగ్. ఒక కంట్రోలర్, రెండు 12 అంగుళాల టాప్ బాక్సులు, ఒక 18 అంగుళాల సబ్ (బేస్ స్పీకర్), రెండు యాంప్‌లు (యాంప్లిఫయర్లు) ఉన్నాయి. స్పీకర్లన్నీ 8 ఓమ్‌లవే. మొన్న ఎస్‌పీ రోడ్డులో కరెంటుతో పనిచేసే సెకండ్ హ్యాండ్ క్రాస్ఓవర్ (బేస్‌నూ మిగతా సౌండ్‌నూ విడదీసే పెట్టె) కొన్నాను. దాన్ని యాంప్‌కీ స్పీకర్లకీ మధ్య పెట్టాలని స్నేహితుడు అంటున్నాడు. నిజమేనా? తమ్ముడి నిశ్చితార్థానికి మేడ మీద వాయించాలి, టెన్షన్‌గా ఉంది.

జవాబు: కలిపే ముందే అడిగి మంచి పని చేశారు. క్రాస్ఓవర్ యాంప్‌లకు ముందు ఉండాలి. కంట్రోలర్ నుంచి వచ్చే సిగ్నల్ మామూలుగా ఒకటి రెండు వోల్టులే ఉంటుంది. మీ క్రాస్ఓవర్‌ను తయారు చేసింది ఆ కాస్త సిగ్నల్ కోసమే. అదే 8 ఓమ్‌ల స్పీకర్‌కి 500 వాట్లు ఇచ్చే యాంప్ అయితే, ఫుల్ సౌండ్‌లో దాని అవుట్‌పుట్ 60 వోల్టులు దాటుతుంది. దాన్ని తెచ్చి క్రాస్ఓవర్‌లో గుచ్చితే లోపలి సర్క్యూట్ మాడిపోతుంది.

మీ స్నేహితుడు చూసింది బహుశా ఇంకోరకం. మీ టాప్ బాక్సుల్లోనే అది ఒకటి ఉంటుంది. రాగి తీగ చుట్టిన కాయిల్, కెపాసిటర్లు ఉన్న చిన్న బోర్డు అది. వూఫర్ అనే పెద్ద స్పీకర్‌కి పోయేదీ, ట్వీటర్ అనే చిన్న స్పీకర్‌కి పోయేదీ విడదీస్తుంది. దానికి కరెంటు ప్లగ్ ఉండదు. దాన్ని ముట్టుకోకండి, దాని పని అది చేసుకుంటుంది.

ఇక మీ లైన్ ఇలా ఉండాలి. కంట్రోలర్ మాస్టర్ అవుట్ ఎడమ, కుడి రెండూ క్రాస్ఓవర్ ఇన్‌పుట్‌లకు. క్రాస్ఓవర్ హై అవుట్ రెండూ మొదటి యాంప్‌కి, అక్కడి నుంచి ఛానెల్‌కి ఒక టాప్ బాక్స్. లో అవుట్ రెండో యాంప్‌కి, అక్కడి నుంచి సబ్‌కి. సబ్ ఒక్కటే కాబట్టి, రెండు వైపుల బేస్‌నూ కలిపే లో సమ్ బటన్ ఉంటే నొక్కండి. క్రాస్ఓవర్ వెనక ఒకే జాక్‌కి రెండు మూడు పేర్లు రాసి ఉంటాయి, మీరు చూడాల్సింది స్టీరియో 2-వే వరుస. ఎక్కువ మంది తికమకపడేది అక్కడే. యాంప్‌ల వెనక కూడా ఫిల్టర్ స్విచ్ ఉంటే దాన్ని ఫుల్ రేంజ్‌లో పెట్టేయండి, ఒకే పని రెండుచోట్ల చేయించొద్దు.

ఫ్రీక్వెన్సీ నాబ్‌ను 100 హెర్ట్జ్ దగ్గర పెట్టి మొదలుపెట్టండి. దాని పక్కనే గోరంత బటన్ ఒకటి ఉందేమో చూడండి. అది నొక్కి ఉంటే నాబ్ మీది అంకె పది రెట్లవుతుంది, మీ 100 కాస్తా 1000 అయిపోతుంది. ఓసారి మా స్నేహితుల ఇంట్లో సబ్‌లోంచి గాయకుడి గొంతు స్పష్టంగా వస్తుంటే, అరగంట పాటు వైర్లు పీకి మళ్లీ గుచ్చుతూ కూర్చున్నాం. చివరికి చూస్తే ఆ బటన్! సెకండ్ హ్యాండ్ పెట్టెలో పాత యజమాని ఏది నొక్కి వదిలేశాడో తెలియదు కాబట్టి ప్రతి బటనూ చూసుకోండి.

స్పీకర్లకు గిటార్ వైర్ లాంటి సన్న వైర్లు వాడొద్దు, వేడెక్కుతాయి. స్పీకర్ వైరే కావాలి. ఏదో ఒక స్పీకర్‌కి ఎరుపు, నలుపు తారుమారైతే అది పాడవదు కానీ దాని బేస్, మిగతా స్పీకర్ల బేస్ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. సబ్ ఆన్ చేసినా బేస్ పెరగకపోతే ముందు అనుమానించాల్సింది దీన్నే. ముందు ముందు ఒకే ఛానెల్‌కి రెండు 8 ఓమ్‌ల బాక్సులు ప్యారలల్‌గా (ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు) కలిపితే అవి 4 ఓమ్‌లవుతాయి. మీ యాంప్ దానికి తట్టుకుంటుందో లేదో వెనక రాసి ఉంటుంది, చూసి కలపండి.

ఆన్ చేసేటప్పుడు యాంప్‌లు ఆఖరున, ఆఫ్ చేసేటప్పుడు యాంప్‌లే మొదట. లేదంటే వచ్చే 'ఢప్' అనే దెబ్బ స్పీకర్లకే తగులుతుంది. యాంప్ నాబ్‌లు సున్నాలో పెట్టి, కంట్రోలర్ లైట్లు ఎరుపులోకి పోకుండా పాట వేసి, ఆ తర్వాత నెమ్మదిగా పెంచండి. సౌండ్ చాలడం లేదని ఎరుపులోనే తోస్తే ముందు పోయేది ట్వీటర్.

మేడ మీద అన్నారు కాబట్టి ఇంకో మాట. సబ్ కింద మందపాటి రబ్బరు మ్యాట్ వేయండి. బేస్ స్లాబ్ గుండా నేరుగా కింది ఇంటి మంచాల దాకా పోతుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 తర్వాత ఆరుబయట లౌడ్‌స్పీకర్లు కూడదు. కింది ఇంట్లో పెద్దవాళ్లుంటే ముందు రోజే వెళ్లి చెప్పి రండి.

ప్రశ్న: కేఆర్ పురం నుంచి రాస్తున్నాను. ల్యాప్‌టాప్ ఛార్జర్ పెట్టగానే స్పీకర్లలో గుయ్‌మని చప్పుడు. ఛార్జర్ తీస్తే ఆగిపోతుంది. ప్లగ్‌కున్న మూడో పిన్ తీసేస్తే పోతుందని దుకాణంలో చెప్పారు. తీసేయనా?

జవాబు: వద్దు, దయచేసి ఆ పని చేయొద్దు. ఆ లావు పిన్ ఎర్తింగ్‌ది, షాక్ నుంచి కాపాడేది అదే. ల్యాప్‌టాప్‌కీ యాంప్‌కీ ఎర్త్ రెండు దారుల్లో కలవడం వల్ల ఆ చప్పుడు వస్తుంది. రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కి పెట్టి చూడండి. అప్పటికీ వస్తుంటే ఆడియో వైరు మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ పెట్టండి. అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దదిగా ఉంటుంది, ఎస్‌పీ రోడ్డులో అడిగి చూడండి.