పంచాయతీ అంతా డైరీలోనే జరుగుతోంది

ప్రశ్న: మాది మిర్యాలగూడ. నా వయసు 36. మా నాయిన పోయి ఏడాదైంది. భూమి పంపకాల దగ్గర అన్నతో మాటలు ఆగిపోయాయి. మనసు తేలికపడుతుందని స్నేహితురాలు చెబితే ఆరు నెలలుగా డైరీ రాస్తున్నాను. ఎప్పుడు రాసినా అన్నా వదినలు అన్న మాటలే వస్తున్నాయి, చదువుకుంటే కోపం పెరుగుతోంది. మిగతా రోజుల్లో ఏమీ తోచదు. అసలు డైరీలో ఏం రాయాలి? అత్తమ్మ చూస్తుందేమోనని భయం కూడా ఉంది.

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నాయిన మరణానికి ఒక్క వాక్యమే దక్కింది. డైరీలోనూ అంతే అయి ఉంటుందని నా అనుమానం. ఎవరు ఏ రోజు ఏ మాట అన్నారో వరుసగా రాసిపెట్టిన పుస్తకం పెద్దమనుషుల ముందు పెట్టే ఫిర్యాదు అవుతుంది గానీ అందులో మీరు కనిపించరు. చదివిన ప్రతిసారీ పంచాయతీ మళ్లీ మొదలవుతుంది.

అమెరికాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ పెన్నెబేకర్ 1986లో ప్రచురించిన అధ్యయనంలో, కాలేజీ విద్యార్థుల చేత తమను బాగా కలచివేసిన అనుభవాన్ని వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు రాయించారు. జరిగినదాన్నీ, అప్పుడు మనసులో కలిగినదాన్నీ కలిపి రాసినవారు రాసిన వెంటనే మరింత దిగులుపడ్డారు, అయినా తరువాతి నెలల్లో కాలేజీ వైద్యశాలకు తక్కువసార్లు వెళ్లారు. ఆ తరువాత చేసిన పరిశీలనల్లో, రోజులు గడిచేకొద్దీ 'ఎందుకంటే', 'ఇప్పుడు అర్థమవుతోంది' వంటి మాటలు ఎవరి రాతలో పెరిగాయో వారికే ఎక్కువ మేలు జరిగినట్లు తేలింది. కాబట్టి రాసిన రాత్రి గుండె బరువెక్కితే కంగారుపడకండి. ఆరు నెలలుగా ఆ 'ఎందుకంటే' రాకపోవడం గురించే ఆలోచించాలి.

గొడవ గురించి ఇక నాలుగు రాత్రులు మాత్రమే రాయండి. మొదటి మూడు రాత్రులు అన్న మాట వినగానే మీకు ఏమనిపించిందో, ఆ మాటే అంతగా ఎందుకు గుచ్చుకుందో రాయండి. నాలుగో రాత్రి మీ అన్నే 'నేను' అని చెప్పుకుంటున్నట్లు రాయండి. ఇది కష్టమే, ఆయన్ను సమర్థించమని కూడా నేను అనడం లేదు. వాటా విషయం డైరీతో తేలేది కాదు: వీలునామా రాయకుండా పోయిన తండ్రి ఆస్తిలో హిందూ వారసత్వ చట్టం కూతురికీ కొడుకుతో సమాన వాటా ఇస్తుంది, మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం అందించే జిల్లా న్యాయసేవాధికార సంస్థ నల్లగొండలో ఉంది. ఆ లెక్కలకు వేరే నోటుపుస్తకం పెట్టుకోండి.

ఏమీ తోచని రోజులను నాయినకు ఇవ్వండి. సాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలారన్న కబురు వచ్చిన పొద్దున ఆయన ఇంట్లో ఏ హడావుడి చేసేవారు, మిమ్మల్ని ఏ పేరుతో పిలిచేవారు, ఆఖరి రోజుల్లో మీరు అడగాలనుకుని అడగలేకపోయినది ఏమిటి? ఒక రోజుకు ఒక్క సంగతి చాలు. ఆ పేజీల్లోకి మీ అన్న చిన్నప్పటి రూపంలో వస్తే రానివ్వండి.

అత్తమ్మ భయానికి ఉపాయం సులువు: రాసి చింపేయండి. మేలు చేసేది రాయడమే గనుక కాగితం దాచుకోవలసిన పని లేదు. నాయిన పేజీలు మాత్రం ఆమె చదివినా నష్టం లేదు. నిద్ర, ఆకలి తగ్గిపోయి వారాలు గడుస్తుంటే మాత్రం డైరీని నమ్ముకుని కూర్చోకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, అక్కడ తెలుగులోనే మాట్లాడవచ్చు.