మూత్రంలో నురగ వస్తే కిడ్నీ జబ్బేనా? ఉద్దానం పక్కనున్న మనం ఏం చూసుకోవాలి

గుణుపురం నుంచి మీరు అడిగింది ఇదీ: వయసు 34, కొన్నాళ్ళుగా పొద్దున్నే మూత్రంలో నురగ కనిపిస్తోంది, నొప్పీ మంటా లేవు. అమ్మగారి పుట్టిల్లు కంచిలి వైపు కాబట్టి, శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఊళ్ళలో ఎక్కువగా కనిపించే కిడ్నీ జబ్బేమోనని భయం, నాన్నగారికి బీపీ, ఏ డాక్టర్ దగ్గరికి వెళ్ళాలో తెలియడం లేదు. నేను పర్లాకిమిడిలో ఉంటాను. డాక్టర్ని కాను గానీ మా ఇంట్లో కిడ్నీ జబ్బున్నవాళ్ళు ఇద్దరున్నారు. వాళ్ళతో ఆసుపత్రుల చుట్టూ తిరిగి తెలుసుకున్నది రాస్తున్నాను.

నురగ వచ్చిన ప్రతివాళ్ళకీ కిడ్నీ జబ్బు ఉండదు. రాత్రంతా ఆగిన మూత్రం చిక్కగా ఉంటుంది, జోరుగా పడితే బుడగలు రేగుతాయి. ఎండలో తిరిగి నీళ్ళు సరిగా తాగకపోయినా అంతే. బాత్రూం కడిగిన సబ్బు మిగిలి ఉన్నా నురగ వస్తుంది. మగవాళ్ళలో వీర్యం కలిసినా రావచ్చు. ఇలాంటి బుడగలు చాలావరకు పెద్దవిగా ఉండి కాసేపటికి పగిలిపోతాయి. ప్రొటీన్ పోతుంటే వచ్చే నురగ వేరు. గిలకొట్టిన గుడ్డు తెల్లసొన మీద తేలినట్టు సన్నగా, తెల్లగా పొర కట్టి, వెళ్ళిన ప్రతిసారీ కనిపిస్తుంది. అయినా కంటితో చూసి ఇది అదేనని తేల్చుకోకండి. టెస్టే చెప్పాలి.

మా బావకి కాశీనగర్‌లో కిరాణా కొట్టు, షుగర్ ఏళ్ళ తరబడి ఉంది. నురగని ముందు గమనించింది మా అప్ప. "రెండు చెంబులు పోసినా పోవట్లేదు" అంది. సాయంత్రానికి బావ కాళ్ళు బరువెక్కేవి. మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో నొక్కి తీస్తే గుంట అలాగే ఉండిపోయేది. ల్యాబ్‌లో కుర్రాడు మూత్రంలో ఒక పట్టీ ముంచి, డబ్బా మీదున్న రంగులతో పోల్చి చూశాడు. పసుపుగా ఉండాల్సిన ప్రొటీన్ గడి ఆకుపచ్చకి తిరిగింది. రిపోర్టులో 3 ప్లస్, అంటే ప్రొటీన్ బాగా పోతోందని, రాసిచ్చాడు.

అసలు జరిగేది ఏమిటంటే, రక్తాన్ని వడకట్టే జల్లెడలు కిడ్నీల్లో లక్షల్లో ఉంటాయి. ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌ని అవి బయటికి పోనివ్వవు. షుగర్, బీపీ ఏళ్ళ తరబడి అదుపు తప్పితే ఆ జల్లెడ దెబ్బతిని ప్రొటీన్ కారుతుంది. మామూలు మనిషికి రోజంతా కలిపి 150 మిల్లీగ్రాముల లోపే పోతుంది. బావకి డాక్టర్ మూత్రంలో ఆల్బుమిన్‌కీ, క్రియాటినిన్‌కీ (కిడ్నీలు బయటికి పంపే ఒక వ్యర్థం) ఉన్న నిష్పత్తి చేయించారు. ఏసీఆర్ అంటారు. 30 లోపు ఉండాలి, 300 దాటితే ఎక్కువ కారుతున్నట్టు. ఆయనది 300 దాటింది. బీపీకే కాక ప్రొటీన్ కారడం తగ్గించడానికి కూడా పనికొచ్చే టెల్మిసార్టన్ మాత్ర ఇచ్చారు, షుగర్ మందులు మార్చారు, ఉప్పు తగ్గించమన్నారు. ఊరగాయ మానడం దగ్గరే ఇంట్లో పెద్ద గొడవ. అయినా మానారు. ఏసీఆర్ దిగింది, ఇప్పటికీ కొట్టు ఆయనే చూసుకుంటున్నారు.

ఇక మా మావయ్య సంగతి. మీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే. ఆయనది కవిటి, కొబ్బరితోట. షుగర్ లేదు, వాపు లేదు, నురగ అసలే లేదు. ఊళ్ళో పెట్టిన క్యాంపులో రక్తం తీస్తే క్రియాటినిన్ బాగా ఎక్కువగా ఉంది. ఎవరూ నమ్మలేదు, మళ్ళీ చేయించినా అదే వచ్చింది. ఉద్దానం జబ్బు ముఖ్యంగా ఆ జల్లెడల్ని కాదు, వాటి వెనకున్న సన్నటి నాళాల్ని, చుట్టూ ఉన్న కణజాలాన్ని తినేస్తుంది. అందుకే చాలామందిలో మూత్రంలో ప్రొటీన్ కొద్దిగానే పోతుంది, కొందరికి పోనే పోదు. కారణం ఇదీ అని ఇంతవరకు తేలలేదు. కాబట్టి మీ భయం ఉద్దానం జబ్బు గురించే అయితే, నురగ ఉందా లేదా అని చూసి లాభం లేదు. మనవైపు వాళ్ళు యూరిన్ టెస్ట్ ఒక్కటే చేయించి ఊరుకోకూడదు, రక్తంలో క్రియాటినిన్ కూడా చూడాలి. రిపోర్టులో ఈజీఎఫ్‌ఆర్ అని, కిడ్నీలు ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే ఇంకో అంకె ఉంటుంది. అది మూడు నెలల పాటు 60 కన్నా తక్కువ ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు కింద లెక్క.

మీరు చేయాల్సింది పెద్ద పనేం కాదు. పొద్దున లేవగానే వచ్చే మొదటి మూత్రం, కాస్త వదిలేశాక మధ్యలోది, ల్యాబ్ ఇచ్చిన డబ్బాలో పట్టండి. జ్వరం ఉన్నప్పుడు, మూత్రంలో మంట ఉన్నప్పుడు, ముందురోజు విపరీతంగా ఒళ్ళు అలిసినప్పుడు ఇవ్వకండి. అప్పుడు ప్రొటీన్ ఉత్తినే కనిపించి భయపెడుతుంది. యూరిన్, ఏసీఆర్, క్రియాటినిన్, షుగర్, బీపీ ఇవన్నీ మామూలు ఎండీ డాక్టర్ దగ్గరే అవుతాయి. ఒకసారి ప్రొటీన్ కనిపిస్తే రెండు మూడు వారాల్లో మళ్ళీ చేయించి చూస్తారు. ప్రొటీన్ అప్పుడూ కనిపిస్తేనో, క్రియాటినిన్ ఎక్కువ ఉంటేనో కిడ్నీ డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. అప్పుడు బరంపురం మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది, విశాఖ కేజీహెచ్ ఉంది, పలాసలో 2023 డిసెంబరులో మొదలైన 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ఉంది.

ఆగకూడని సందర్భాలు వేరు. పొద్దున లేచేసరికి ముఖం, కళ్ళ చుట్టూ ఉబ్బడం, మూత్రం ఎర్రగా లేదా టీ డికాక్షన్ రంగులో రావడం, బాగా తగ్గిపోవడం, ఆయాసం: వీటిలో ఏది కనిపించినా ఆ రోజే వెళ్ళాలి. గర్భిణికి అయిదో నెల దాటాక నురగతో పాటు తలనొప్పి, చూపు మసకబారడం ఉంటే రాత్రయినా సరే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. చిన్నపిల్లల్లో కళ్ళుబ్బి నురగ వస్తే కంగారుపడి చెట్టుమందుకి పరుగెత్తకండి. పిల్లల్లో అలా వచ్చేది చాలావరకు నెఫ్రోటిక్ సిండ్రోమ్ అనే జబ్బు, అది చాలామందిలో స్టెరాయిడ్ మందుకి లొంగుతుంది.

రిపోర్టు వచ్చేదాకా మందుల షాపులో ఒళ్ళునొప్పులకని డైక్లోఫెనాక్ లాంటివి కొనుక్కుని వేసుకోకండి. పసరు మందులూ వద్దు. ప్రొటీన్ పోతోందట అని ఎవరో చెప్పిన మాటకి డబ్బా ప్రొటీన్ పొడులు మొదలుపెట్టవద్దు, పప్పు మానేయనూ వద్దు. నాన్నగారికి బీపీ అన్నారు కదా, మీరు వెళ్ళే రోజే ఆయన్నీ వెంటబెట్టుకెళ్ళి ఇవే టెస్టులు చేయించండి. నురగ మీకు కనిపించింది గానీ, మీ ఇద్దరిలో ముందు చూడాల్సింది ఆయన్నే.