బొమ్మ ఒకటే, ట్యాగ్ మాత్రం దేనిది దానిదే

ప్యానెల్‌వ్యూలో (ఫ్యాక్టరీ యంత్రాలను చూపించి నడిపించే స్క్రీన్ ప్యానెల్) నలభై స్క్రీన్లున్నాయి, మోటార్ బొమ్మను ప్రతిచోటా కాపీ పేస్ట్ చేయాలా, గ్లోబల్ ఆబ్జెక్ట్‌గా (ఒక్కసారి గీసి అన్ని స్క్రీన్లలో వాడుకునే బొమ్మగా) పెట్టుకోవాలా అని అడిగారు. గ్లోబల్ ఆబ్జెక్టే పెట్టండి, రెండో ఆలోచన వద్దు. కానీ బేస్ ఆబ్జెక్ట్ (ఆ అసలు బొమ్మ) మీద చేయి వేసేముందు నాకు జరిగింది వినండి.

ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంట్ ఫ్యాక్టరీలో సున్నపురాయి బెల్టుల పని. క్రషర్ నుంచి స్టాకర్ (రాయిని కుప్పగా పోసే యంత్రం) దాకా ఆరు బెల్టులు. స్క్రీన్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఫ్యాక్టరీటాక్ వ్యూ స్టూడియోలో మోటార్ బొమ్మ ఒక్కటి గీసి, ఆరు చోట్లా దాని రిఫరెన్స్‌లు (అసలుతో ముడిపడిన నకళ్లు) పెట్టాను. మోటార్ లోకల్‌లో (పక్కనే ఉన్న బటన్లతో) ఉందో రిమోట్‌లో (కంట్రోల్ రూమ్ నుంచి) ఉందో తెలిసేలా ఒక అక్షరం కావాలని ఆపరేటర్లు అడిగితే బేస్‌లో ఒక్కసారి పెట్టాను, అన్ని స్క్రీన్లలోనూ వచ్చేసింది. అంతవరకూ బాగుంది. అప్పుడే రంగు మారుతోందో లేదో చూద్దామని బేస్‌లో పారామీటర్ (ఏ మోటార్ ట్యాగ్ అయినా పెట్టుకునేలా వదిలిన ఖాళీ) తీసేసి ఆరో బెల్టు ట్యాగ్ (ఆ మోటార్ స్థితి చెప్పే డేటా పేరు) నేరుగా రాశాను. మళ్లీ మార్చడం మరిచిపోయాను. లింక్ యానిమేషన్ అనే సెట్టింగ్ 'ఎక్స్‌ప్రెషన్లతో సహా' అని పెట్టి ఉంది, అంటే బేస్‌లో ఏ ట్యాగ్ ఉంటే రిఫరెన్స్‌లన్నీ దాన్నే చదువుతాయి. అలాగే కంపైల్ చేసి ప్యానెల్‌కు ఎక్కించేశాను.

రాత్రి పదిన్నరకు మూడో బెల్టు దగ్గర ఎవరో పుల్‌కార్డ్ (బెల్టును అత్యవసరంగా ఆపే తాడు) లాగారు. ఇంటర్‌లాక్ (ఒక బెల్టు ఆగితే దానికి రాయి అందించే బెల్టులనూ ఆపే ఏర్పాటు) వల్ల ఒకటీ రెండూ కూడా ఆగాయి. ఆరోది తిరుగుతూనే ఉంది, అందుకని స్క్రీన్ మీద ఆరూ పచ్చగానే ఉన్నాయి. అలారం వచ్చింది కానీ అది అన్నిటికీ కలిపి ఒకటే, ఏ బెల్టో చెప్పదు. వాకీటాకీలో ఆపరేటర్ గొంతు: "అన్నా, ఈడ అన్నీ తిరుగుతాండాయని చూపిస్తాంది. మూడోదాని ఆంపియర్లు చూస్తే సున్నా. ఏంది ఇది?"

ఆ ఆంపియర్ల అంకె గ్లోబల్ ఆబ్జెక్ట్‌లో లేదు, విడిగా పెట్టాను కాబట్టి బయటపడింది. నాకు చెమటలు పట్టాయి. ఆగిన బెల్టు తిరుగుతోందని చూపించింది సరే, ఇంటర్‌లాక్ పనిచేయక ఆరోది ఆగి మిగతావి తిరుగుతున్నప్పుడు అన్నీ ఆగాయని చూపించి ఉంటే? బెల్టుల పక్కన మనుషులుంటారు. ఆ రాత్రే పాత రన్‌టైమ్ ఫైల్ (ప్యానెల్‌లో నడిచే కంపైల్ చేసిన ఫైల్) తిరిగి ఎక్కించాను. మర్నాడు బేస్‌లో పారామీటర్ పెట్టి, ప్రతి రిఫరెన్స్‌కూ దాని ట్యాగ్ ఇచ్చి, ఆరు బెల్టులనూ ఒక్కొక్కటిగా నడిపి, ఆపి చూశాకే ఇంటికి వెళ్లాను.

కాపీ పేస్ట్ అయితే ఇలా జరగదు కదా అంటారు. నిజమే, ఆరూ ఒకేసారి తప్పు చూపించవు. ఏదో ఒక్క బెల్టు తప్పు చూపిస్తుంది, దాన్ని ఏడాది దాకా ఎవరూ కనిపెట్టరు. నాకు గ్లోబల్ ఆబ్జెక్టే నయం.

రంగుల గొడవ ఇంకొకటి. ఎలక్ట్రికల్ ప్యానెళ్ల మీద ఎర్ర దీపం అంటే ఆన్. మా స్క్రీన్ మీద ఎరుపంటే ట్రిప్, అంటే లోపం వల్ల మోటార్ ఆగిపోయింది. సబ్‌స్టేషన్ నుంచి వచ్చిన మనిషి ఎరుపు చూసి మోటార్ నడుస్తోందనే అనుకుంటాడు. అందుకే బొమ్మలో రంగుతో పాటు ఆన్, ఆఫ్, ట్రిప్ అని మాట కూడా రాయిస్తాను. బేస్ ఒకటే కాబట్టి అది ఐదు నిమిషాల పని.

లింక్ సైజ్ అనే సెట్టింగ్ మాత్రం తీసేయండి, లేకపోతే బేస్ పెద్దది చేసిన రోజు చిన్న స్క్రీన్లలో బొమ్మలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి.

మీ స్క్రీన్లు కాంట్రాక్టర్ చేసినవైతే, బిల్లు పాస్ కాకముందే ఒరిజినల్ అప్లికేషన్ బ్యాకప్ అడిగి తీసుకోండి. కొందరు రన్‌టైమ్ ఫైల్ ఒక్కటే ఇస్తారు, అదీ వెనక్కి కన్వర్ట్ కాకుండా లాక్ చేసి. అప్పుడు బేస్ ఆబ్జెక్ట్ ఎంత బాగా చేసి ఉన్నా మీ చేతికి రాదు, అక్షరం మార్చాలన్నా మళ్లీ వాళ్లకే ఫోన్ చేయాలి.