మిస్ మార్వెల్ అమ్మకాలు నెలనెలా తగ్గాయంటే కథ పాడైనట్టేనా?

మీరు అడిగింది ఇదీ: 2014లో మార్వెల్ కంపెనీ మొదలుపెట్టిన మిస్ మార్వెల్ (హీరోయిన్ పేరు కమలా ఖాన్) కామిక్ నెలవారీ అమ్మకాల గ్రాఫ్ తీస్తే గీత మొదట్నుంచీ కిందికే జారింది. అంటే రచయిత్రి కథని ఎటో తీసుకెళ్ళిపోయి పాఠకుల్ని పోగొట్టుకున్నట్టే కదా, మరి 2019 దాకా ఎలా నడిపారు?

ఆ గ్రాఫ్ పాఠకుల లెక్క కాదండీ, షాపువాళ్ళ లెక్క. నేను హెచ్4 (డిపెండెంట్ వీసా) మీద న్యూజెర్సీ వచ్చి, వర్క్ పర్మిట్ చేతికొచ్చాక ఒక చిన్న కామిక్స్ షాపులో కొంతకాలం పార్ట్‌టైమ్ చేశాను. మంగళవారం డబ్బాలు విప్పడం, బుధవారం కొత్తవి అరల్లో సర్దడం, నెలకోసారి ఓనర్ పక్కన కూర్చుని ఆర్డర్ నింపడం. ఆ మూడో పని చేశాక ఇంటర్నెట్‌లో కనిపించే అమ్మకాల అంకెల్ని చూసే పద్ధతే మారిపోయింది.

అప్పట్లో ఈ కామిక్స్ షాపులన్నింటికీ డైమండ్ అనే ఒకే డిస్ట్రిబ్యూటర్ దిక్కు. నెలనెలా మందపాటి క్యాటలాగ్ వచ్చేది. అందులో ఉన్నవన్నీ ఇంకో రెండు నెలలకి రాబోయే సంచికలు. కవర్ బొమ్మ, నాలుగు ముక్కల్లో కథ, ధర, అంతే. అది చూసి ఎన్ని కాపీలు కావాలో రాయాలి. మిగిలిపోతే వెనక్కి తీసుకోరు, దీపావళికి టపాసుల కొట్టు పెట్టినట్టే. మా ఓనర్ ముందు పుల్ లిస్ట్ అంకె వేసేవాడు. అంటే పేరు రాయించుకుని ప్రతి నెలా వచ్చి తీసుకెళ్ళే ఖాతాదారులు. దాని పక్కన ప్లస్ గుర్తు పెట్టి, అరలో ఉంచడానికి ఇంకో రెండో మూడో కలిపేవాడు. మిస్ మార్వెల్ దగ్గర ఆ ప్లస్ తర్వాతి అంకె చిన్నదిగానే ఉండేది. "ఇది అడిగేవాళ్ళు బుధవారం వచ్చే రకం కాదు, పుస్తకం వచ్చాక కొంటారు" అనేవాడు. పుస్తకం అంటే కొన్ని సంచికలు కలిపి వేసే వాల్యూమ్. విడుదలకి సుమారు మూడు వారాల ముందు అంకె మార్చుకోవడానికి ఒక ఆఖరి గడువు ఉండేది. ఆ రోజు కూడా ఎక్కువ భాగం తగ్గించడమే.

మీ గ్రాఫ్‌లోని ఒక్కో చుక్కా ఇలాంటి వేల షాపుల పెన్సిల్ అంకెల మొత్తం. అది కూడా అంచనాయే. డైమండ్ కాపీల సంఖ్య చెప్పేది కాదు. బ్యాట్‌మన్‌ని 100 అనుకుని మిగతా కామిక్స్‌కి ఒక సూచిక ఇచ్చేది. దాన్ని పట్టుకుని కామిక్రాన్, ఐసీవీ2 లాంటి వెబ్‌సైట్లు కాపీలు లెక్కగట్టేవి. డిజిటల్ అమ్మకం, పుస్తకాల షాపుల అమ్మకం, స్కూల్ బుక్ ఫెయిర్లలో అమ్మకం ఏవీ అందులో ఉండవు. కమలా ఖాన్ పాఠకులు ఎక్కువగా ఉన్నది సరిగ్గా ఆ మూడు చోట్లే.

2014 ఫిబ్రవరిలో మొదటి సంచికకి షాపుల ఆర్డర్ సుమారు 50 వేలు. రెండో దానికి దాదాపు నాలుగోవంతు పోయింది. తర్వాత చాలాకాలం 30 వేల చుట్టుపక్కల నిలబడింది. నాలుగోవంతు పోవడం చూసి కంగారు పడకండి. ఒకటో నంబర్ సంచికని దాచుకునేవాళ్ళు కొంటారు, వేరియంట్ కవర్ల (అదే సంచికకి వేరే బొమ్మతో వచ్చే కవర్ల) కోసం కొంటారు, రెండో నెలకి వీళ్ళెవరూ ఉండరు. ఏ సూపర్‌హీరో కామిక్‌కైనా ఇది తప్పదు. పైగా రెండు, మూడు సంచికల మొదటి ఆర్డర్లు వేసేటప్పటికి మొదటి సంచికని ఎవరూ చదివి ఉండరు. కథ నచ్చిందో లేదో ఆర్డర్‌లో కనిపించడం మొదలయ్యేది నాలుగో ఐదో సంచిక నుంచి. అక్కడ గీత చదునైతే సిరీస్ బతికినట్టు. దీని గీత చదునైంది. మొదటి సంచికనేమో మళ్ళీ మళ్ళీ ముద్రించాల్సి వచ్చింది.

దీనికి పూర్తి వ్యతిరేకమైన కేసు కూడా చెప్తాను. టామ్ కింగ్ రాసిన బ్యాట్‌మన్ 50వ సంచిక, 2018 జూలై. బ్యాట్‌మన్, క్యాట్‌వుమన్ పెళ్ళి అని ఏడాదిగా ఊరించారు. షాపుల పేరుతో ప్రత్యేక కవర్లు, అర్ధరాత్రి పార్టీలు, ఒకటే హడావిడి. విడుదలకి మూడు రోజుల ముందు ఒక పెద్ద పత్రిక అసలు విషయం బయటపెట్టేసింది: పెళ్ళి జరగదు. ఆ నెల చార్టులో మొదటి స్థానం దానిదే, ఆర్డర్లు లక్షల్లో. అంకె చూస్తే బ్రహ్మాండం. కౌంటర్ దగ్గర మాత్రం నేను విన్నవి తిట్లే. వంద సంచికలు దాటుతుందనుకున్న ఆ కథ 2019 డిసెంబర్‌లో 85తో ఆగి, మిగతాది బ్యాట్‌మన్/క్యాట్‌వుమన్ అనే విడి సిరీస్‌గా వచ్చింది. అంచేత పెద్ద అంకె కూడా కథ బాగుందని చెప్పదు.

మిస్ మార్వెల్‌కి వస్తే, దాని కథ ఎటు నడవాలన్నది మొదట్నుంచీ బుధవారం ఖాతాదారుణ్ణి చూసి తేల్చింది కాదు. రచయిత్రి జి. విల్లో విల్సన్, చిత్రకారుడు ఏడ్రియన్ ఆల్ఫోనా, ఎడిటర్ సనా అమానత్. మొదటి పేజీ తీయండి. ఫైటింగ్ లేదు. జెర్సీ సిటీలో ఒక కిరాణా షాపు, అందులో పాకిస్తానీ కుటుంబపు టీనేజ్ పిల్ల తనకి మతం ఒప్పుకోని బేకన్ (పంది మాంసం) వాసన పీల్చుకుంటూ ఉంటుంది. అంతే. ఆల్ఫోనా వెనక అరల్లోని సరుకుల మీద కూడా చిన్న చిన్న జోకులు గీస్తాడు. వాటి కోసం పేజీ మీద వేలు పెట్టి వెతికే పిల్లల్ని షాపులో చూశాను. జెర్సీ సిటీలోని జర్నల్ స్క్వేర్ ఇండియన్ షాపుల చుట్టూ తిరిగిన మనవాళ్ళకి ఆ ఇల్లు, అమ్మ కేకలు, రాత్రి పార్టీకి పర్మిషన్ గొడవ వేరే చెప్పక్కర్లేదు. మొదటి విలన్ ఎవరనుకున్నారు? థామస్ ఎడిసన్ క్లోన్, అందులో కాకటీల్ పక్షి జీన్స్ కలిసిపోయాయి. న్యూజెర్సీలోనే ఉన్న ఎడిసన్ టౌన్‌లో ఉంటూ ఇది చదివితే నవ్వాగదు. కానీ వాడి ప్లాన్ నవ్వులాట కాదు: మీ తరం లోకానికి బరువు అని పిల్లల్ని నమ్మించి, వాళ్ళంతట వాళ్ళే బ్యాటరీల్లా వాడబడటానికి ఒప్పుకునేలా చేస్తాడు.

ఇలాంటి కథని నెలకి ఇరవై పేజీల చొప్పున కాకుండా ఒక్కసారి కూర్చుని చదవాలనిపిస్తుంది. అందుకే 2014 అక్టోబర్‌లో మొదటి ఐదు సంచికలు కలిపి వచ్చిన మొదటి వాల్యూమ్ బెస్ట్‌సెల్లర్ అయింది, 2015లో హ్యూగో అవార్డు (సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చేది) తెచ్చుకుంది. మా షాపులో ఆ పుస్తకం అయిపోవడం, మళ్ళీ తెప్పించడం మామూలు పని. కొనేవాళ్ళలో సగం మంది తల్లులు, టీచర్లు.

పబ్లిషర్‌కి ఈ రెండు రకాల పాఠకుల సంగతి బాగా తెలుసుననడానికి నా దగ్గరున్న గట్టి సాక్ష్యం ఇదీ. 2015లో 19వ సంచికతో సిరీస్ ఆపి, నవంబర్‌లో మళ్ళీ ఒకటో నంబర్ నుంచి మొదలుపెట్టారు. షాపుల ఆర్డర్ ఎగిరింది, అలవాటుగా మళ్ళీ దిగింది. పుస్తకాలకి మాత్రం ఈ రీలాంచ్ వర్తించలేదు: నాలుగో వాల్యూమ్ తర్వాత వచ్చింది ఐదో వాల్యూమే.

కథ నిజంగా దారి మళ్ళిందని నాకనిపించింది ఒక్కచోటే, 2016 సివిల్ వార్ II దగ్గర. అది కంపెనీ మొత్తానికి పెట్టుకున్న పెద్ద ఈవెంట్, అంటే చాలా సిరీస్‌ల్లోకి పాకే ఒకే కథ. నేరం జరగకముందే మనుషుల్ని పట్టి బంధించాలని కెప్టెన్ మార్వెల్ అనే ఇంకో సూపర్‌హీరో పట్టు పడుతుంది, ఆ పని మన కమలకి అప్పజెప్తుంది. విల్సన్ దాన్ని కూడా చేతనైనంత బాగా రాసింది. స్నేహితుడు బ్రూనో దెబ్బతిని కమలతో తెగతెంపులు చేసుకునే భాగం మనసుని పట్టేస్తుంది. అయినా ఈవెంట్ ఈవెంటే. కూతురి కోసం వరసగా ఐదు పుస్తకాలు కొన్న ఒకావిడ ఆరోది పట్టుకొచ్చి, "మధ్యలో ఏదైనా పుస్తకం మిస్సయ్యామా? ఈ గొడవెక్కడ మొదలైంది?" అని అడిగింది. నేను సివిల్ వార్ II అనే వేరే సిరీస్ చూపించాను. కొనలేదు. నెలవారీ ఆర్డర్‌ని నిలబెట్టడానికి ఈవెంట్‌తో ముడిపెడితే దెబ్బ తగిలేది ఇలాంటి పాఠకులకే, ఆ దెబ్బ ఏ చార్టులోనూ కనపడదు.

ఆ తర్వాత ఆర్డర్లు 20 వేల కిందికి వచ్చాయి. అంత దిగితే సిరీస్ కట్టేస్తారని షాపుల్లో ఒక నానుడి. 2017లో మార్వెల్ సేల్స్ పెద్దాయన ఒకరు, వైవిధ్యం ఉన్న కొత్త పాత్రలు తమకొద్దని జనం అంటున్నట్టు కొన్ని షాపుల నుంచి విన్నామని చెప్పి గొడవ తెచ్చుకున్నారు. తర్వాత మిస్ మార్వెల్ లాంటి పాత్రలు ఎక్కడికీ పోవని సర్దిచెప్పారు. పోలేదు కూడా. విల్సన్ 2019 ఫిబ్రవరిలో 38వ సంచికతో తప్పుకుంది, మరుసటి నెలే సలాదిన్ అహ్మద్ రచనలో కొత్త సిరీస్ మొదలైంది.

ఇప్పటి సిరీస్‌ల గురించి ఇలాంటి గ్రాఫ్ వెతుకుతున్నారేమో, శ్రమ పడకండి. బ్యాట్‌మన్ వేసే డీసీ కంపెనీ 2020లో, మార్వెల్ 2021లో డైమండ్ ఏకఛత్రం కింది నుంచి బయటికి వచ్చేశాయి, 2025 జనవరిలో డైమండే దివాలా పిటిషన్ వేసింది. అన్నీ ఒకేచోట కనిపించే పాత చార్టు ఇప్పుడు లేదు. నేనైతే రెండే చూస్తాను: పాత సంచికలు మళ్ళీ ముద్రణకి వెళ్తున్నాయా, మొదటి వాల్యూమ్ రెండేళ్ళ తర్వాత కూడా దొరుకుతోందా.

మీరింకా కథ చదవకుండా గ్రాఫ్ ఒక్కటే చూసి ఉంటే, అమెరికాలో ఉన్నట్టయితే దగ్గర్లోని పబ్లిక్ లైబ్రరీలో అడగండి, మొదటి రెండు వాల్యూమ్‌లు సాధారణంగా దొరుకుతాయి. ఆరోదానికి ముందు సివిల్ వార్ II మొత్తం చదవాల్సిన పని లేదు, పైన నేను రాసిన రెండు వాక్యాలు చాలు.