సినిమా చూడకుండా 'గోల్డెన్‌ఐ 007' గేమ్ ఆడొచ్చా?

మీరు అడిగింది రెండు విషయాలు. కాల్ ఆఫ్ డ్యూటీ లాంటి ఇప్పటి షూటింగ్ గేమ్‌లకు అలవాటుపడ్డ వాళ్లకు 1997 నాటి జేమ్స్ బాండ్ షూటింగ్ గేమ్ గోల్డెన్‌ఐ నచ్చుతుందా, అది ఆడే ముందు సినిమా చూడాలా అని. సినిమా చూడకపోయినా ఏ ఇబ్బందీ లేదు. నచ్చుతుందా లేదా అన్నది మాత్రం మీరు ఏ స్థాయిలో మొదలుపెడతారన్న దాని మీద ఉంటుంది. నా అనుభవం చెబితే మీకు తేలిగ్గా అర్థమవుతుంది.

మాది హన్మకొండ. 2001 ఎండాకాలంలో మా చిన్నమ్మ కొడుకు అమెరికా నుంచి వస్తూ టీవీకి పెట్టి ఆడే గేమ్ మెషిన్ నింటెండో 64 తెచ్చాడు. దాని అడాప్టర్ 120 వోల్టులది. మన 230 వోల్టుల కరెంటుకు నేరుగా పెడితే కాలిపోతుందని కాజీపేటలో మోటార్ వైండింగ్ చేసే దుకాణంలో చిన్న ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించుకొని వచ్చాం. అన్నీ కలిపాక టీవీలో బొమ్మ వచ్చింది, రంగులు రాలేదు. అమెరికా మెషిన్ ఇచ్చేది అక్కడి ఎన్‌టీఎస్‌సీ పద్ధతి సిగ్నల్, మా పాత టీవీ తీసుకునేది మన దగ్గరి పాల్ (PAL) పద్ధతి సిగ్నల్ మాత్రమే. అన్న ఉన్న నెలన్నరా నలుపు తెలుపులోనే ఆడాం. దెబ్బ తగిలితే తెర మీద రెండు వంపు గీతలు కనిపిస్తాయి. నారింజ రంగుది ప్రాణం, నీలం రంగుది బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్. మాకు రెండూ బూడిద రంగే కాబట్టి ఎడమది ప్రాణం, కుడిది జాకెట్ అని గుర్తుపెట్టుకున్నాం.

ఇందులో ఏజెంట్, సీక్రెట్ ఏజెంట్, 00 ఏజెంట్ అని మూడు స్థాయిలు ఉంటాయి. నేను సహజంగానే సులువైన ఏజెంట్‌తో మొదలుపెట్టాను. మొదటి మిషన్ డ్యామ్. ఆ స్థాయిలో పని ఒక్కటే, చివరిదాకా వెళ్లి ఆనకట్ట మీద నుంచి దూకడం. కనబడ్డవాణ్ని కాల్చుకుంటూ పరుగెత్తాను, దూకాను, అయిపోయింది. రెండు రోజులు అలాగే ఆడాక అన్న రిమోట్ లాక్కున్నట్టు కంట్రోలర్ లాక్కుని, "నువ్వు మిలిటరీవాడి లెక్క ఆడుతున్నవ్ రా. వీడు గూఢచారి" అని సీక్రెట్ ఏజెంట్ పెట్టి ఇచ్చాడు.

అక్కడ నాకు వేరే గేమ్ కనబడింది. స్థాయి పెరిగితే శత్రువులు గట్టిగా కొట్టడమే కాదు, చేయాల్సిన పనులే మారతాయి. అదే డ్యామ్‌లో ముందు అలారాలన్నీ వెతికి పగలగొట్టాలి. 00 ఏజెంట్‌లో అయితే రహస్యంగా మోడెమ్ అమర్చాలి, డేటా కూడా పట్టుకోవాలి. నేను పరుగెత్తుతూ దాటేసిన గదులన్నిటికీ ఒక అవసరం వచ్చింది. అప్పటి నుంచి గోడలు, తలుపులు, కెమెరాలు చూడడం మొదలుపెట్టాను.

రెండో మిషన్ ఫెసిలిటీ గురించి గంటసేపు చెప్పగలను. గాలి గొట్టంలో పాక్కుంటూ వచ్చి బాత్రూంలోకి దిగుతారు. చేతిలో సైలెన్సర్ ఉన్న పీపీ7 పిస్టల్ ఉంటుంది. దానితో ఒక్క గుండు పేలిస్తే పక్క గదివాడికి వినబడదు. పడిపోయిన కాపలాదారు దగ్గర పెద్ద తుపాకీ తీసుకుని దడదడ కాల్చారా, నలుగురైదుగురు అటే వస్తారు. తెల్ల కోటు వేసుకున్న శాస్త్రవేత్తలను చంపకూడదు. వాళ్లలోనే మనవాడు డాక్టర్ డోక్ ఉంటాడు. పై స్థాయిల్లో అతన్ని కలిసి డీకోడర్ తీసుకుంటేనే ముఖ్యమైన తలుపు తెరుచుకుంటుంది. అతను ప్రతిసారీ ఒకేచోట ఉండడు. అందుకే ఎన్నిసార్లు ఆడినా ఆ వెతుకులాటలో టెన్షన్ తగ్గదు. తలుపు జరిగిన చప్పుడు, దూరంగా మోగే అలారం వినబడాలని మేం వరంగల్ మే నెల ఎండలో కూలర్ ఆపేసి ఆడేవాళ్లం. మధ్యాహ్నం కరెంటు కోత ఇంకో బాధ. మిషన్ పూర్తయితే తప్ప గేమ్ సేవ్ కాదు. అన్నీ చేసి చివరి గదిలో ఉండగా కరెంటు పోతే మళ్లీ గాలి గొట్టం నుంచే. ఆ బాధలోనే ఆ భవనం మ్యాప్ నాకు నోటికి వచ్చేసింది.

సినిమా సంగతి. పియర్స్ బ్రాస్నన్ నటించిన ఆ సినిమా 1995లో వచ్చింది. ఆనకట్ట మీద నుంచి దూకే సీన్‌ను స్విట్జర్లాండ్‌లోని వెర్జాస్కా ఆనకట్ట దగ్గర తీశారు, దాని ఎత్తు 220 మీటర్లు. సినిమాలో ఆ దూకడం మొదట్లోనే అయిపోతుంది. గేమ్‌లో దాన్ని మీరు సంపాదించుకోవాలి. గేమ్ చేసిన ఇంగ్లండ్ కంపెనీ రేర్ వాళ్లు సినిమా సెట్లకు వెళ్లి ఫొటోలు తెచ్చుకుని ఆ స్థలాలను కట్టారు, కానీ సీన్లను అలాగే దించలేదు. ఒకే స్థలంలో వేర్వేరు పనులు ఇచ్చే పద్ధతిని టీమ్ లీడర్ మార్టిన్ హోలిస్ సూపర్ మారియో 64 అనే గేమ్ చూసి నేర్చుకున్నాడు. నేను సినిమాను కొన్నేళ్ల తర్వాత చూశాను. మెదడులో మ్యాప్ ముందే ఉండడంతో ప్రతి గదినీ గుర్తుపట్టడం నాకు చాలా ఇష్టంగా అనిపించింది. అందుకే ముందు ఆడి తర్వాత చూడండి అనే చెబుతాను.

నలుగురు కలిసి ఆడే మల్టీప్లేయర్‌ను గేమ్ తయారీ చివరి నెలల్లో కలిపారంటే నమ్మబుద్ధి కాదు. 21 అంగుళాల టీవీని నాలుగు ముక్కలు చేసుకుని ఆడాం. ఆడ్‌జాబ్ పాత్ర పొట్టివాడు, అతని మీద గురి కుదరదు, కాబట్టి అతన్ని ఎవరూ తీసుకోవద్దని ముందే ఒప్పందం.

ఇప్పుడు ఆడాలంటే 2023 జనవరి 27న ఇది నింటెండో స్విచ్ ఆన్‌లైన్, ఎక్స్‌బాక్స్ గేమ్ పాస్ అనే చందా సేవల్లో మళ్లీ వచ్చింది. దూరంగా ఉన్న స్నేహితులతో ఆన్‌లైన్‌లో ఆడే వీలు స్విచ్‌లోనే ఉంది. మీకు రెండు స్టిక్‌ల పద్ధతి (ఒకదానితో నడవడం, ఇంకోదానితో గురి చూడడం) అలవాటు కాబట్టి ఒక్కరే ఆడేటట్టయితే ఎక్స్‌బాక్స్ మంచిది. బొమ్మలు మొరటుగా ఉంటాయి, ముఖాలు చదునుగా ఉంటాయి, ఒక గంటలో అలవాటవుతుంది. ఏజెంట్‌లో డ్యామ్ ఒక్కసారి ఆడి చేతులు కుదిరాక వెంటనే సీక్రెట్ ఏజెంట్‌కు మారండి. ఫెసిలిటీలో డాక్టర్ డోక్ మీకు మొదటిసారి ఏ గదిలో దొరికాడో ఇక్కడే రాయండి. మాకు రెండు రోజులు దొరకలేదు.