తమాలే తయారీలో చిన్నపిల్లలకు ఏ పని ఇవ్వొచ్చు?

తమాలే అంటే మొక్కజొన్న పిండిని ఆకులో చుట్టి ఆవిరి మీద ఉడికించే మెక్సికో వంటకం. మూడు నాలుగేళ్ల పిల్లలకైనా నానబెట్టిన మొక్కజొన్న పొత్తు ఆకు మీద పిండి రాసే పని ఇవ్వొచ్చు, ఆవిరి గిన్నె దగ్గరికి మాత్రం రానివ్వకూడదు. సున్నపు నీళ్లలో ఉడికించిన మొక్కజొన్నను రుబ్బి చేసే ఈ పిండిలో గ్లూటెన్ ఉండదు. అందుకే వాళ్లు ఎంత పిసికినా గోధుమపిండిలా సాగి గట్టిపడదు. చెంచా వెనక వైపుతో, ఆకు నున్నగా ఉన్న వైపున పలచగా రాస్తే చాలు. కాస్త వంకరగా వచ్చినా మడతపెడితే కనిపించదు!

తమాలే అంటే కారమే అనుకుంటారు చాలామంది. మెక్సికోలో ఎండుద్రాక్ష వేసి గులాబీ రంగులో చేసే తీపివీ ఉన్నాయి, పిల్లలకు మొదట అవే రుచి చూపించండి. ఆకు తినేది కాదు, మన పొట్టిక్కల పనసాకులాగే ఒలిచి పారేయాలి.