గడ్డ కట్టేది, గడ్డ విప్పేది: పాఠకుల సందేహాలకు వైద్యుల సమాధానాలు

ప్రశ్న: మా మామగారికి 68 ఏళ్లు. తుంటి ఎముక విరిగితే విశాఖపట్నంలో ఆపరేషన్ చేయించి టెక్కలి తీసుకువచ్చాం. ఆయన మంచం మీదే ఉండగా మూడో వారంలో ఎడమ కాలు పిక్క నుంచి తొడ వరకు వాచింది. డాప్లర్ పరీక్షలో లోపలి సిరలో రక్తం గడ్డకట్టిందని తేలింది. కొన్నాళ్లు ఇంజెక్షన్లు ఇచ్చి, తరువాత మూడు నెలలకు మాత్రలు రాశారు. ఈ మాత్రలు గడ్డను కరిగించవని డాక్టరుగారే అన్నారు. నెల తరువాత చూస్తే గడ్డ ఇంకా కొంత ఉంది. కరిగించని మందు ఎందుకు? కరిగించే మందు ఉంటే అదే ఎందుకు ఇవ్వలేదు?
– ఒక పాఠకురాలు, టెక్కలి

సమాధానం: డాక్టరుగారు చెప్పినది నిజమే, కాని అందులో సగమే మీ దాకా వచ్చినట్టుంది. గడ్డను కరిగించే పని మీ మామగారి శరీరానిది. ఆ పని సాగుతున్నంత కాలం పాత గడ్డ మీద కొత్త గడ్డ పేరుకోకుండా చూడడమే మాత్రల పని.

వంశధార కాలువ గట్టుకు గండి పడితే రైతులు ముందు ఇసుక బస్తాలు పడేసి, ఆ తరువాత వెదురు తడిక అడ్డుపెట్టి బిగించడం మీరు చూసే ఉంటారు. రక్తనాళం తెగినచోట ప్లేట్‌లెట్లు అనే చిన్న రక్తకణాలు బస్తాల్లా చేరతాయి, ఫైబ్రిన్ అనే దారాల ప్రొటీన్ తడికలా అల్లుకుంటుంది. ఈ ఫైబ్రిన్‌కు ముడిసరుకైన ఫైబ్రినోజెన్‌ను కాలేయం తయారుచేస్తుంది. అది ప్రతి 100 మిల్లీలీటర్ల ప్లాస్మాలో (రక్తంలోని ద్రవభాగంలో) 200 నుంచి 400 మిల్లీగ్రాముల వరకు కరిగి ఉంటుంది. థ్రాంబిన్ అనే ఎంజైమ్ దాని నుంచి చిన్న తునకలను కత్తిరించగానే మిగిలిన భాగాలు ఒకదానికొకటి అతుక్కుని దారాలవుతాయి, పదమూడో ఫ్యాక్టర్ అనే మరో ప్రొటీన్ ఆ దారాలను అడ్డంగా ముడివేసి గట్టిపరుస్తుంది.

గండి లేనిచోట ఈ తడిక కట్టుకోవడమే మీ మామగారి కాలిలో జరిగింది. ప్రవాహం మందగించడం, నాళపు గోడ దెబ్బతినడం, రక్తంలోనే గడ్డకట్టే గుణం పెరగడం అనే మూడు కారణాలను జర్మన్ శాస్త్రవేత్త రుడాల్ఫ్ విర్కో పేరుతో చెప్పుకుంటాం. గడ్డలు ఊపిరితిత్తులకు కొట్టుకుపోవడం గురించి ఆయన 1856లో రాశారు. ఎముక విరిగి, ఆపరేషన్ జరిగి, వారాల తరబడి మంచాన ఉన్న మనిషిలో ఈ మూడూ ఒకేసారి కలుస్తాయి. ముఖ్యంగా పిక్క కండరాలు కదలనప్పుడు సిరలలోని కవాటాల వెనుక రక్తం నిలిచిపోతుంది. గడ్డ ఎక్కువగా మొదలయ్యేది అక్కడే.

ఇక విప్పడం సంగతి. గడ్డ అల్లుకునే సమయంలోనే ప్లాస్మినోజెన్ అనే ప్రొటీన్ కూడా ఆ దారాల మధ్య చిక్కుకుంటుంది, అంటే తడికతో పాటే దాన్ని కోసే కొడవలిని కూడా లోపల పెట్టి కట్టినట్టు. నాళపు లోపలి పొరలోని కణాలు విడుదల చేసే టి.పి.ఎ. అనే పదార్థం ఫైబ్రిన్ మీద ఉన్న ప్లాస్మినోజెన్‌ను ప్లాస్మిన్‌గా మారుస్తుంది, ప్లాస్మిన్ దారాలను ముక్కలు చేస్తుంది. ఆ ముక్కలలో ఒకటే డి-డైమర్. అందుకే రక్తపరీక్షలో డి-డైమర్ పెరిగితే ఎక్కడో గడ్డ కట్టి, కరుగుతోందని మాత్రమే అర్థం. ఆపరేషన్ తరువాత, గర్భంతో ఉన్నప్పుడు, తీవ్రమైన ఇన్ఫెక్షన్లలో కూడా అది పెరుగుతుంది కనుక ఆ ఒక్క అంకె చూసి బెంబేలెత్తిపోవడం తగదు. ప్లాస్మిన్ గడ్డను వదిలి రక్తంలోకి జారితే, అక్కడ కాపుకాసి ఉన్న మరో ప్రొటీన్ దాన్ని ఆ క్షణంలోనే పట్టి నిర్వీర్యం చేస్తుంది. ఆ కాపలా లేకపోతే మానుతున్న గాయాలు మళ్లీ కారే ప్రమాదం ఉంటుంది.

థ్రాంబిన్ ఎక్కువగా తయారవుతున్నచోట ఫైబ్రిన్ ప్లాస్మిన్‌కు అంత సులభంగా లొంగదు. మాత్రలు థ్రాంబిన్‌ను అదుపు చేయడం వల్ల విప్పే పనికి పరోక్షంగా సాయం కూడా అందుతుంది. అయినా పెద్ద సిరలోని గడ్డ కరగడానికి నెలలు పడుతుంది. కొంత భాగం మచ్చలా గట్టిపడి నాళపు గోడకే అంటుకుని ఉండిపోవచ్చు. కాబట్టి నెల తరువాత గడ్డ కనిపించినంత మాత్రాన మందు పనిచేయలేదని కాదు.

కరిగించే మందులు లేకపోలేదు. స్ట్రెప్టోకైనేజ్, ఆల్టిప్లేజ్, టెనెక్టిప్లేజ్ వంటివాటిని గుండెపోటులో, పక్షవాతం లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటలలోపు, ఊపిరితిత్తులలో పెద్ద గడ్డ చిక్కుకుని రక్తపోటు పడిపోయినప్పుడు వాడతారు. కాలిలోని గడ్డకూ, తుంటిలో మూడు వారాల కిందటి గాయాన్ని పట్టి ఉంచిన గడ్డకూ ఆ మందు తేడా చూడదు. మెదడులో రక్తస్రావమయ్యే ప్రమాదం కూడా ఉంది. మీ డాక్టరుగారి నిర్ణయం సరైనదే.

మాత్రలు మధ్యలో ఆపవద్దు. రాసినది వార్ఫరిన్ అయితే తోటకూర, పాలకూర పూర్తిగా మానక్కరలేదు, రోజూ ఇంచుమించు ఒకే పరిమాణంలో తింటే చాలు. హఠాత్తుగా ఆయాసం, ఊపిరి పీలిస్తే ఛాతీలో పోటు, దగ్గితే రక్తం, స్పృహ తప్పడం వంటివి కనిపిస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న: వరికోతల్లో మా పక్క పొలం రైతును రక్తపింజర కరిచింది. ఆసుపత్రిలో గాజు గొట్టంలో కాస్త రక్తం తీసి, ఇరవై నిమిషాలు అలాగే ఉంచి, వంచి చూసి, గడ్డకట్టలేదన్నారు. రక్తపింజర విషం రక్తాన్ని గడ్డకట్టిస్తుందని చదివాను. ఏది నిజం?
– ఒక పాఠకుడు, చీపురుపల్లి

సమాధానం: రెండూ నిజమే. ఈ విషంలోని ఎంజైములు రక్తాన్ని గడ్డకట్టించే ప్రొటీన్లైన పదో ఫ్యాక్టర్‌ను, ఐదో ఫ్యాక్టర్‌ను గాయంతో పని లేకుండానే రేపుతాయి. దానితో ఒంటినిండా సన్నసన్నని ఫైబ్రిన్ పోగులు ఏర్పడతాయి, ప్లాస్మిన్ వాటిని వెంటవెంటనే కోసేస్తూ ఉంటుంది. కట్టడం, కోయడం ఇలా విరామం లేకుండా సాగేసరికి ఉన్న ఫైబ్రినోజెన్ అంతా ఖర్చయిపోతుంది. ఆ తరువాత నిజంగా గండి పడితే కట్టడానికి తడిక మిగలదు. చిగుళ్ల నుంచి, సూది గుచ్చినచోట నుంచి రక్తం కారడం అప్పుడు మొదలవుతుంది.

మీరు చూసిన పరీక్ష చాలా చవకైనది, చాలా విలువైనది కూడా. గొట్టం గాజుదే కావాలి, ఎందుకంటే గాజు తాకిడితోనే గడ్డకట్టే ప్రక్రియ మొదలవుతుంది. ప్లాస్టిక్ గొట్టంలోగాని, సబ్బుతో కడిగిన గొట్టంలోగాని చూస్తే మంచి రక్తం కూడా గడ్డకట్టనట్టు కనబడవచ్చు. విషానికి విరుగుడు ఇంజెక్షన్ విషాన్ని మాత్రమే పడుతుంది, ఫైబ్రినోజెన్‌ను మళ్లీ తయారుచేయవలసింది కాలేయమే. ఆరేసి గంటలకు ఈ పరీక్ష మళ్లీ చేయడం అందుకే. కరిచినచోట కోయడం, బిగించి కట్టడం వల్ల హాని తప్ప మేలు లేదు.

మన ప్రాంతానికి సంబంధించిన ముచ్చట ఒకటి. ఈ పామును ఇంగ్లీషువారు ఎవరి పేరుతో పిలుస్తారో ఆ పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో ఉండి పాములను పరిశీలించిన వైద్యుడు. 1796లో అచ్చయిన తన గ్రంథంలో ఆయన దీనిని ‘కాటుక రేకుల పొడ’ అన్న తెలుగు పేరుతోనే నమోదు చేశారు. రక్తంలో అనవసరంగా గడ్డలు కట్టించే ఒక రకం యాంటీబాడీలను గుర్తించడానికి ఇదే విషాన్ని పలుచన చేసి నేటికీ లేబొరేటరీలలో వాడుతున్నారు.

ప్రశ్న: వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్తున్నాను. ప్రతిసారీ హెపారిన్ ఇస్తారు. రక్తం పలచబడిపోదా?
– ఒక పాఠకుడు, సోంపేట

సమాధానం: మీ రక్తం యంత్రపు గొట్టాలను, ఫిల్టరును తాకుతుంది. నాళపు లోపలి పొరకు ఉన్న రక్షణ గుణాలు వాటికి లేవు కనుక రక్తం గడ్డకట్టకుండా చూసే హెపారిన్ లేకుండా నడిపితే ఫిల్టరులోనే గడ్డకట్టే అవకాశం ఎక్కువ. ఇచ్చిన హెపారిన్ ప్రభావం కొద్ది గంటలలోనే తగ్గిపోతుంది. ఆ రోజు పన్ను తీయించుకోవడం వంటివి పెట్టుకోకండి; మునుపు ఎప్పుడైనా కడుపులో పుండు, మెదడులో రక్తస్రావం వంటివి ఉంటే ముందుగానే చెప్పండి, మోతాదు తగ్గిస్తారు లేదా మానేస్తారు. చేతికి ఫిస్టులా (డయాలసిస్ కోసం ధమనిని, సిరను కలిపిన చోటు) ఉంటే రోజూ ఉదయం దాని మీద వేళ్లు ఆనించి చూడండి. ఎప్పుడూ తెలిసే ఆ అదురు తెలియకపోతే అక్కడ గడ్డకట్టి ఉండవచ్చు. తరువాతి డయాలసిస్ దాకా ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.